పంపు మనది, మందు మనది.. కాలిన భుజం మాత్రం కూలీదా?



వానలు పడ్డాయి, కలుపు లేచింది. ఇంకో వారం పది రోజుల్లో ప్రతి ఊర్లో వినపడే మాట ఒక్కటే: "గడ్డి మందు కొట్టే మనిషి దొరుకుతాడా?" దొరికితే ట్యాంకుకు ఇంత అని మాట్లాడుకుంటాం. పంపు ఇస్తాం, మందు డబ్బా ఇస్తాం, చేను చూపిస్తాం. సాయంత్రం ఎన్ని ట్యాంకులు పడ్డాయో లెక్క చూసి పైసలిస్తాం. అక్కడితో మన పని అయిపోయిందనుకుంటాం. ఈ పోస్టు ఆ సాయంత్రం తర్వాత జరిగే దాని గురించి. కొంచెం పొడుగుంటది, ఓపికతో చదవండి.

ఏండ్ల తరబడి మందు కొడుతున్నవాళ్ల భుజాలు మీరు ఎప్పుడైనా చూశారా? అంగీ విప్పమని అడిగి చూడండి. పంపు బెల్టు ఆనే చోట చర్మం నల్లబడి, మొద్దుబారి ఉంటది. కొందరికి భుజం నుంచి మోచేయి దాకా మచ్చలుంటాయి. అడిగితే "మందు పడ్డదన్నా, అదే తగ్గిపోయింది" అంటారు. వాళ్లకది మామూలైపోయింది. మనకైతే కనిపించడమే లేదు.

మా పక్క ఊర్లో జరిగింది చెప్తాను. పేర్లు రాయను, ఎవరినీ బజారుకు లాగడం నా ఉద్దేశం కాదు. నలభై దాటిన మనిషి, సెంటు భూమి లేదు, సీజన్ మొత్తం మందు కొట్టుడే పని. ఒక రైతు పత్తి చేను గట్ల మీద, సాళ్ల మధ్య పారాక్వాట్ కొట్టడానికి పోయిండు. పంపు రైతుదే. మూత లోపలి వాషర్ అరిగి ఉంది. వంగినప్పుడల్లా మూత దగ్గర నుంచి మందు నీళ్లు కారి కుడి భుజం మీద పడుతున్నాయి. అంగీ తడిసింది. ఎండకు చెమటలు, దానికి తోడు ఈ తడి. చెమటే అనుకున్నడు. పొద్దున మొదలుపెట్టి పన్నెండు ట్యాంకులు కొట్టిండు. అదే తడి అంగీతో ఇంటికొచ్చి స్నానం చేసిండు.

ఆ రాత్రి కొంచెం మంట. తెల్లారేసరికి ఎర్రబడ్డది. ఆర్‌ఎంపీ దగ్గర ఏదో ఆయింట్‌మెంట్ రాయించుకున్నరు. మూడో రోజు బొబ్బలు, ఐదో రోజుకు భుజం మీద, దండచెయ్యి మీద తోలు ఊడి పచ్చి పుండైంది. అప్పుడు జిల్లా దవాఖానకు పోయిండ్రు. అదృష్టం, మూత్రపిండాలకు, ఊపిరితిత్తులకు ఎక్కలేదు. ప్రాణం నిలబడ్డది. కానీ రెండు నెలలు పని లేదు. పుండు మానింది గానీ మచ్చ గట్టిపడి బిగుసుకుంది. ఇప్పటికీ ఆ చెయ్యి తల పైకి పూర్తిగా లేవదు. మందు కొట్టేవాడికి, మూటలు మోసేవాడికి కుడి చెయ్యి లేవకపోతే బతుకు ఎట్లా?

రైతు కొన్ని పైసలిచ్చిండు, లేదని అనను. కానీ ఊర్లో అందరి నోట వచ్చిన మాట ఏందో తెలుసా? "వాడు చూసుకోవాలి కదా."

నా అభ్యంతరం అంతా ఆ ఒక్క మాట మీదే.

ఏం చూసుకోవాలి? వీపు మీద ఉన్న పంపు మూత దగ్గర నుంచి కారుతుంటే మోసేవాడికి కనపడదు. వాషర్ అరిగిందని తెలియాల్సింది పంపు సొంతదారుకు. ఆ డబ్బాలో ఉన్నది ఎంత ఘాటు మందో తెలియాల్సింది కొన్నవాడికి. డబ్బాకు అంటించిన కాగితం మీద పది భాషల్లో చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి. చదువుకున్న మనకే కనపడవు. చదువు రాని మనిషి చేతిలో పెట్టి "చూసుకోవాలి" అంటే న్యాయమేనా? ట్రాక్టర్ బ్రేకులు పడక డ్రైవర్‌కు దెబ్బ తగిలితే బండి ఓనర్‌ను అడుగుతాం కదా. మరి కారే పంపు ఇచ్చిన రైతును ఎందుకు అడగం?

ఇప్పుడు ఈ మందు సంగతి. గడ్డి మందులన్నీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు. మనకు దొరికే పారాక్వాట్ డైక్లోరైడ్ 24 శాతం ఎస్‌ఎల్ వేరే జాతి. ఇంగ్లండ్‌కు చెందిన ఐసీఐ కంపెనీ 1962లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. పొద్దున కొడితే సాయంత్రానికి ఆకు వాడిపోతుంది, అందుకే మనకు ఇష్టం. ఆకు కణాలను ఏ విధంగా కాలుస్తుందో, మన ఒంట్లో కణాలను కూడా దాదాపు అట్లాగే కాలుస్తుంది. కడుపులోకి పోతే ఒకటి రెండు గుక్కలే ప్రాణం తీస్తాయి. విరుగుడు మందు లేదు. ఈ రోజుకీ లేదు.

చర్మం మీద పడితే? ఇక్కడే మనం మోసపోతాం. మంచి చర్మం మీద పడి, వెంటనే కడిగేస్తే పెద్దగా లోపలికి ఎక్కదు. యాసిడ్ మాదిరిగా పడగానే సుర్రుమని మండదు కూడా. అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ తడి బట్ట గంటల తరబడి ఒంటికి అంటుకుని ఉంటే చర్మం కాలుతుంది. బెల్టు రాపిడికి భుజం ముందే గీరుకుపోయి ఉంటది. కాలిన చోట, గీరిన చోట చర్మం ఇక అడ్డుగోడ కాదు, తెరిచిన తలుపే. అక్కడి నుంచి మందు రక్తంలోకి పోతుంది. ముందు మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఊపిరితిత్తులు ఈ మందును తమలోకి లాక్కుంటాయి, తర్వాత మెల్లగా గట్టిపడిపోతాయి. కారే పంపు మోసి, ఒక్క చుక్క నోట్లో పడకుండానే చనిపోయినవాళ్ల కేసులు 1970ల నుంచి వైద్య పత్రికల్లో ఉన్నాయి. పాపువా న్యూగినీ నుంచి వచ్చిన కేసులు వాటిలో ఉన్నాయి. అంటే భుజం మీద పుండు "చర్మం జబ్బు" కాదు. అది లోపలికి దారి.

"మరి కిట్టు వేసుకోవచ్చు కదా" అంటారు. నిజమే, చట్టంలో కూడా ఉంది. 1971 నాటి పురుగు మందుల నియమాల్లో మందు పిచికారీ చేసేవాళ్లకు రక్షణ బట్టలు ఉండాలని స్పష్టంగా రాశారు. కానీ మన ఎండలో, ఆ ఉక్కలో, తల నుంచి కాళ్ల దాకా ప్లాస్టిక్ సూటు వేసుకుని వీపు మీద పదహారు లీటర్ల పంపుతో పది గుంటలు తిరిగి చూడండి. కళ్లు తిరిగి పడిపోతాం. ఇది నా ఒక్కడి మాట కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పెట్టిన పురుగు మందుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది: ఇబ్బందిగా ఉండే, ఖరీదైన, సులువుగా దొరకని రక్షణ బట్టలు తప్పనిసరి అయ్యే మందులను వాడకుండా ఉండటం మంచిది, ముఖ్యంగా వేడి దేశాల్లో, చిన్న రైతుల దగ్గర. వేడి దేశం, చిన్న రైతులు. మన గురించే రాసినట్టు లేదూ?

2017లో మన ఆదిలాబాద్ పక్కనే ఉన్న యవత్మాల్‌లో పత్తికి పురుగు మందులు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. వందల మంది దవాఖాన పాలయ్యారు. అవి వేరే మందులు, గడ్డి మందు కాదు. కానీ అక్కడ కూడా ముందు వినపడ్డ మాట ఇదే: జాగ్రత్తలు తీసుకోలేదు, మాస్కు కట్టుకోలేదు. చనిపోయినవాడి మీద తప్పు వేయడం చాలా సులువు. వాడు తిరిగి మాట్లాడడు.

ఇక డబ్బు లెక్క. మనం కూలీని ట్యాంకుకు ఇంత అని మాట్లాడుకుంటాం. ఇందులో ఒక కిటుకు ఉంది, చాలామంది గమనించరు. ట్యాంకు లెక్క అయితే ఆగిన ప్రతి నిమిషం కూలీకే నష్టం. భుజం తడిసింది, అంగీ విప్పి కడుక్కోవాలంటే అరగంట పోతుంది, అంటే ఒక ట్యాంకు పోయినట్టే. పంపు కారుతోందని ఆపి బాగు చేయించుకుంటే పూట పోతుంది. అందుకే ఆగడు. ఆగకుండా పనిచేసేలా కూలి పెట్టింది మనమే, ఆగలేదని తిట్టేదీ మనమే. గడ్డి మందు వరకైనా రోజు కూలి మాట్లాడండి. కడుక్కోవడానికి పట్టిన టైము కూడా కూలిలో భాగమేనని ముందే చెప్పండి. ఒక్కసారి ఆ మాట చెప్పి చూడండి, మనిషి పని తీరే మారుతుంది.

ఇంకోటి. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతుబీమా ఉంది. పట్టా పాసుపుస్తకం ఉన్న, 18 నుంచి 59 ఏండ్ల రైతు చనిపోతే ఇంటికి ఐదు లక్షలు వస్తాయి. మంచి పథకమే, ఎన్నో ఇండ్లను నిలబెట్టింది. కానీ మన చేన్లో మన మందు కొట్టే మనిషికి భూమి లేదు, పాసుపుస్తకం లేదు, కాబట్టి రైతు కాదు. చనిపోతే లెక్కలో లేడు. చెయ్యి కాలి బతికితే ఎవరి లెక్కలోనూ లేడు. సాగులో అందరికంటే ఎక్కువ విషం మోసేది భూమి లేనివాడే, బీమా లేనిదీ వాడికే. ఎకరాలు కౌలుకు తీసుకుని తన మందు తానే కొట్టుకునే కౌలు రైతుది కూడా ఇదే గతి. మన రైతు సంఘాలు మద్దతు ధర గురించి ధర్నా చేసేటప్పుడు ఈ డిమాండ్ కూడా పక్కన పెట్టుకుంటే తప్పేంది?

ఇప్పుడు మీలో చాలామంది అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "కలుపు తీయడానికి కూలీలు దొరకడం లేదు, దొరికినా ఆ రేట్లు పెట్టలేం. గడ్డి మందు కూడా వద్దంటే సేద్యం బంద్ పెట్టమంటావా?"

గడ్డి మందులన్నీ ఆపమని నేను అనడం లేదు. ఈ ఒక్క మందు గురించి అంటున్నాను. స్విట్జర్లాండ్‌లో 1989లోనే దీన్ని నిషేధించారు. యూరోపియన్ యూనియన్ 2007లో ఆపేసింది. చైనా, వియత్నాం, థాయ్‌లాండ్, బ్రెజిల్ ఒక్కొక్కటిగా ఆపాయి. బ్రెజిల్‌లో సోయా, థాయ్‌లాండ్‌లో వరి ఆగిపోయాయా? పక్కనే ఉన్న శ్రీలంక 2008 నుంచి 2011 మధ్య మెల్లమెల్లగా తీసేసింది. "శ్రీలంక సంగతి చూడలేదా, వ్యవసాయం కుప్పకూలింది" అని కొందరు అంటారు. అది 2021లో రసాయన ఎరువులన్నీ ఒక్కసారిగా ఆపినప్పుడు జరిగింది. రెండింటినీ కలపకండి. మన దేశంలోనే కేరళ ప్రభుత్వం 2011లో ఆపిన 14 మందుల జాబితాలో పారాక్వాట్ ఉంది. ఒడిశాలో బుర్లా మెడికల్ కాలేజీ డాక్టర్లు 2019లో దీన్ని నిషేధించాలని ఆందోళన చేశారు. వాళ్ల వార్డుల్లో చూసినవి ఎక్కువగా తాగిన కేసులు, నిజమే. కానీ డాక్టర్లే రోడ్డెక్కి ఈ మందుకు మా దగ్గర చికిత్స లేదని చెప్తుంటే వినాలా వద్దా?

1968 పురుగు మందుల చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం తనంతట తాను ఒక మందును ఆపాలంటే 60 రోజులు, పొడిగిస్తే మరో 30 రోజులు. అంతే. శాశ్వతంగా ఆపే అధికారం కేంద్రానిది. కాబట్టి అడగాల్సింది ఇద్దరినీ. సీజన్‌కు ముందు ఆ 60 రోజులు ఆపమని రాష్ట్రాన్ని, పూర్తిగా తీసేయమని కేంద్రాన్ని. అదే చట్టంలో ఇంకో సెక్షన్ ఉంది, మందు వల్ల విషమెక్కిన కేసులను అధికారులకు తెలపాలని రాష్ట్రం ఆదేశించవచ్చు. మన ఊర్లో భుజం కాలిన మనిషి ఏ రికార్డులో ఉన్నాడు? ఎక్కడా లేడు. ఆర్‌ఎంపీ దగ్గర మొదలై ఇంట్లోనే ముగిసిన కేసు లెక్కకెక్కదు. లెక్కకెక్కనిది సమస్య కాదు అంటారు పైవాళ్లు. అందుకే దవాఖానలో ఓపీ చీటీ మీద "మందు పడి కాలింది" అని, మందు పేరుతో సహా రాయించండి.

నిషేధం వచ్చేదాకా కలుపు ఆగదు కదా. పత్తిలో, మక్కలో సాళ్ల మధ్య గుంటక తోలే వీలుంటే తోలండి. చిన్న పవర్ వీడర్ నలుగురు కలిసి కొనుక్కోండి, లేదా కిరాయికి తెచ్చుకోండి. గట్లకు బ్రష్ కట్టర్ చాలు, గట్టు మీద గడ్డి కాల్చడానికి పారాక్వాట్ ఎందుకు? మందే కొట్టాలంటే పంటకు తగ్గది ఏదో వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి, షాపాయన ఇచ్చింది తెచ్చుకోకండి.

ఏ మందైనా సరే, పంపు ఇంకొకరి వీపుకు ఎక్కించే ముందు ఈ పనులు మనవి, కూలీవి కావు:

ముందురోజే పంపులో ఉత్త నీళ్లు నింపి, మూత పెట్టి, వంచి చూడండి. మూత, అడుగు, పైపు జాయింట్లు, గన్ను పిడి.. ఎక్కడ చెమ్మ వచ్చినా వాషర్ మార్చండి. వాషర్ ఖరీదు రెండు టీలంత కూడా ఉండదు.

మందు కలిపేటప్పుడు డబ్బాలోది చిక్కటి మందు, అప్పుడే ప్రమాదం ఎక్కువ. నైట్రైల్ గ్లౌజులు కొనివ్వండి. బట్ట గ్లౌజులు వద్దు, అవి తడిసి మందును చేతికే పట్టి ఉంచుతాయి. ట్యాంకు మెడ దాకా నింపొద్దు.

వీపుకు, భుజాలకు అడ్డంగా ప్లాస్టిక్ షీటు కట్టించండి. నిండు చేతుల అంగీ ఉండాలి. మార్చుకోవడానికి ఇంకో అంగీ చేను దగ్గరే ఉండాలి.

ఒంటి మీద పుండు, గీత, కోత ఉన్న మనిషిని ఆ రోజు మందు పనికి పెట్టొద్దు.

గట్టు మీద డ్రమ్ము నీళ్లు, సబ్బు పెట్టండి. మందు కలపడానికి తెచ్చిన నీళ్లు వేరు, కడుక్కునే నీళ్లు వేరు.

ఒకవేళ ఒంటి మీద పడితే ఏం చేయాలి? ముందు తడిసిన బట్టలు తీసేయాలి, సిగ్గుపడే టైము కాదు. ధారగా నీళ్లు పోస్తూ, సబ్బుతో, కనీసం 15, 20 నిమిషాలు కడగాలి. గట్టిగా రుద్దొద్దు, రుద్దితే చర్మం గీరుకుని మందు ఇంకా లోపలికి పోతుంది. పసుపు, పేస్టు, కొబ్బరినూనె, సున్నం, ఏదీ పూయొద్దు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని అంతసేపూ నీళ్లు పోయాలి. పొడి సున్నం లాంటిది పడితే మాత్రం ముందు పొడిని దులిపి, తర్వాత నీళ్లు పోయాలి. ఎర్రబడినా, బొబ్బ లేచినా మూడు రోజులు చూద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి, డబ్బా గానీ దాని లేబుల్ గానీ వెంట తీసుకుపోండి. ఏ మందో తెలిస్తేనే డాక్టర్ సరైన దారిలో పోతాడు. పారాక్వాట్ కేసులో ఆక్సిజన్ పెట్టే విషయంలో కూడా లెక్క వేరుగా ఉంటుంది. మూత్రంలో ఆ మందు ఉందో లేదో రంగు మారడాన్ని బట్టి చూసే తేలికైన పరీక్ష ఉంది, చేయమని అడగండి. కిడ్నీ పరీక్ష ఒక్కసారి బాగుందని వదిలేయొద్దు, డాక్టర్ చెప్పినన్ని సార్లు చేయించాలి.

ఆ ఖర్చు ఎవరిది అంటే నా జవాబు సూటిగా ఉంటుంది: చేను ఎవరిదో వాళ్లది. డీజిల్, విత్తనం, ఎరువు మాదిరిగా ఇది కూడా సాగు ఖర్చే. పని చేయలేని రోజుల కూలి కూడా అందులోనే. చిన్న రైతుకు భారమే, ఒప్పుకుంటాను. ఒక్కడికి భారమైతే ఊరి రైతులంతా సీజన్ మొదట్లో తలా కొంత వేసి ఒక చోట పెట్టుకోండి. గుడికి చందా వేస్తాం, పండుగకు వేస్తాం, దీనికి వేయలేమా?

మనం ధర రాలేదని ఏడుస్తాం, నకిలీ విత్తనమని ఏడుస్తాం, అన్నీ న్యాయమైన ఏడుపులే. పైవాళ్లు మన గోడు వినరని అంటాం. మన కింద పనిచేసే మనిషి గోడు మనం వింటున్నామా అన్నది కూడా చూసుకోవాలి కదా.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ పంపులో నీళ్లు నింపి, మీ వీపుకే ఎక్కించుకుని ఒక సాలు నడవండి. దించాక మీ భుజం మీద చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉంటే వాషర్ మార్చకుండా ఆ పంపు ఇంకొకరికి ఇవ్వకండి. మీ ఊర్లో గడ్డి మందు లేకుండా కలుపు ఎట్లా అదుపు చేస్తున్నారో, ఎకరానికి ఎంత ఖర్చు వచ్చిందో కింద రాయండి. నలుగురికి పనికొస్తది.